కుర్చీలు క్రికెట్ ఆడవు

మన దేశంలో క్రికెట్ గురించి ఎవరు ఏ మాటన్నా వాదన పుడుతుంది. సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా అని మొదలుపెడితే పొద్దుగూకిపోతుంది. ఒక్క మాట దగ్గర మాత్రం రాజకీయ పార్టీలు, క్రికెట్ సంఘాలు, టీవీ ఛానళ్లు, టీకొట్టు దగ్గర కుర్రాళ్లు అందరూ ఒక్కటైపోతారు: మా ఊరికీ ఓ పెద్ద స్టేడియం రావాలి. వస్తే క్రికెట్ బాగుపడుతుంది, ఊరి పేరు మోగుతుంది, పిల్లలకు దారి దొరుకుతుంది. దీనికి ఎదురు చెప్పినవాడు అభివృద్ధి నిరోధకుడు.

నేను ఎదురే చెబుతున్నాను. కొత్త స్టేడియాల వల్ల క్రికెట్‌కు జరిగే మేలు చాలా తక్కువ. వాటి పేరు చెప్పి అసలు అవసరాన్ని, అంటే పిల్లలు రోజూ ఆడుకునే మైదానాన్ని, లెక్కలోంచి తీసేస్తున్నాం. ఇది పొరపాటున జరుగుతున్న పని కాదని కూడా నా అనుమానం.

ఈ స్టేడియాల పోటీ ఎక్కడ ఊపందుకుందో చూడండి. అహ్మదాబాద్ మొతెరాలో యాభై వేల మంది దాకా పట్టే పాత స్టేడియాన్ని పడగొట్టి, సుమారు రూ.800 కోట్లతో 1,32,000 సీట్ల కొత్తది కట్టారు. 2020 ఫిబ్రవరిలో దాని తొలి పెద్ద పండుగ క్రికెట్ మ్యాచ్ కాదు, అమెరికా అధ్యక్షుడి సభ. ఆ తర్వాత ప్రతి రాష్ట్రానికీ అదే కొలబద్ద అయిపోయింది. వారణాసి శివార్లలోని గంజారిలో నెలవంక ఆకారపు కప్పుతో, త్రిశూలాల్లాంటి ఫ్లడ్‌లైట్లతో ఓ స్టేడియానికి 2023లో శంకుస్థాపన చేశారు. కర్ణాటక ప్రభుత్వం 2025 ఆగస్టులో బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్ర దగ్గర 80 వేల సీట్ల స్టేడియానికి రూ.1,650 కోట్ల ప్రణాళికను ఆమోదించింది. అమరావతిలో లక్ష సీట్లు దాటే స్టేడియం కడతామని అదే ఏడాది ప్రతిపాదన వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఇంకో అంతర్జాతీయ స్టేడియం మాట 2024లో తెలంగాణ శాసనసభలోనే వినిపించింది. సీట్ల సంఖ్య చెబుతున్నప్పుడు నాయకుల గొంతులో వినిపించే గర్వం, జిల్లాలో ఎన్ని టర్ఫ్ వికెట్లున్నాయో చెప్పేటప్పుడు ఎందుకు వినిపించదు? వాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి.

ముందు చిన్న కూడిక చేద్దాం. 2024-25 సీజన్‌లో భారత పురుషుల జట్టు స్వదేశంలో ఆడింది ఐదు టెస్టులు, మూడు వన్డేలు, ఎనిమిది టీ20లు. మొత్తం 16 మ్యాచ్‌లు. టెస్టులన్నీ ఐదో రోజు సాయంత్రం దాకా సాగాయనుకున్నా 36 రోజుల ఆట. వాటిని 13 నగరాలు పంచుకున్నాయి. హైదరాబాద్ వాటాకు వచ్చింది ఒక్క రాత్రి: అక్టోబర్ 12న ఉప్పల్‌లో బంగ్లాదేశ్ మీద మనవాళ్లు 297 పరుగులు బాదిన టీ20. విశాఖపట్నానికి అదీ లేదు. ఐపీఎల్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో సొంతూళ్లో ఆడేది ఏడు మ్యాచ్‌లు. ఏడూ ఒకటీ ఎనిమిది, ప్లేఆఫ్‌లు దక్కితే పది. అంటే ఏడాదిలో పది రాత్రులు స్టేడియం నిండుతుంది. మిగిలిన రోజుల్లో రంజీ మ్యాచ్ జరిగితే ఆటగాళ్ల ఇళ్లవాళ్లు, సెలెక్టర్లు, నీడకోసం వచ్చి కూర్చున్న నలుగురు పెద్దమనుషులు కనిపిస్తారు. లేకపోతే గేటుకు తాళం.

ఇప్పటికే మన దేశంలో అంతర్జాతీయ మ్యాచ్ జరిగిన మైదానాలు యాభై దాటాయి. ప్రపంచంలో మరే దేశానికీ ఇన్ని లేవు. ఉన్నవాటికే ఆట సరిపోవడం లేదు. కొత్తది కట్టిన ప్రతిసారీ మ్యాచ్‌లు పెరగవు. ఒక ఊరి మ్యాచ్ ఇంకో ఊరికి పోతుంది, అంతే. పెళ్లి మండపం కట్టినంత మాత్రాన పెళ్లికొడుకు పుట్టుకు రాడు.

అప్పుడు వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. "టికెట్లు దొరకడం లేదండీ, సీట్లు పెరిగితే సామాన్యుడికీ దొరుకుతాయి." వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే 2023 అక్టోబర్ 5 గుర్తు చేసుకోండి. మన దేశమే ఆతిథ్యమిచ్చిన ప్రపంచకప్, తొలి మ్యాచ్, అంతకుముందు ఫైనల్లో తలపడ్డ ఇంగ్లండ్, న్యూజిలాండ్. వేదిక అహ్మదాబాద్. టీవీ కెమెరా ఎటు తిరిగినా ఖాళీ కుర్చీలే. అదే మైదానంలో నవంబర్ 19న భారత్, ఆస్ట్రేలియా ఫైనల్‌కు లెక్క తేలిన ప్రేక్షకులు 92 వేల పైచిలుకు. దేశమంతా టికెట్ కోసం అల్లాడిన రోజున కూడా దాదాపు 40 వేల సీట్లు మిగిలిపోయాయి. భారత్ ఫైనల్ ఆడినా నిండని స్టేడియాన్ని ఇంకెప్పుడు నింపుతారు?

టికెట్ దొరకకపోవడానికి కారణం సీట్ల కొరత కన్నా సీట్ల పంపకం. సంఘం వాటా, క్లబ్బుల వాటా, స్పాన్సర్ల వాటా, ఫ్రాంచైజీ వాటా, పోలీసుల వాటా, రకరకాల ప్రభుత్వ శాఖల వాటా పోగా మిగిలింది కౌంటర్‌కు వస్తుంది. ఉప్పల్‌లో సుమారు 39 వేల సీట్లున్నాయి. 2025 మార్చిలో సన్‌రైజర్స్‌కూ హైదరాబాద్ క్రికెట్ సంఘానికీ మధ్య ఉచిత పాసుల గొడవ రోడ్డున పడ్డప్పుడు జనానికి తెలిసిందేమిటంటే, ఒక్కో మ్యాచ్‌కు 3,900 పాసులు సంఘానికి ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది. గొడవ అంతకుమించి అడిగారన్న ఆరోపణ మీద. విజిలెన్స్ విచారణ దాకా వెళ్లింది. సీట్లు రెట్టింపైతే పాసులూ రెట్టింపవుతాయి. 2022 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తెల్లవారకముందే లైన్లో నిలబడి, తొక్కిసలాటలో దెబ్బలు తిని, లాఠీ దెబ్బలూ తిన్నవాళ్లకు లక్ష సీట్ల స్టేడియం ఉన్నా పరిస్థితి మారదు. అమ్మే పద్ధతి మారితేనే మారుతుంది.

స్టేడియాలు పాసుల కోసమే పుడతాయన్నది నా వెటకారం కాదు, చరిత్ర. బొంబాయిలో 1937లో తెరుచుకున్న బ్రేబోర్న్ స్టేడియం ఆ రోజుల్లో ఆసియాకే తలమానికం. అది క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా సొంతం. బొంబాయి క్రికెట్ సంఘానికి, ఆ క్లబ్బుకు తగవు ఎక్కడ వచ్చింది? పిచ్ దగ్గర కాదు, ఆటగాళ్ల దగ్గర కాదు. టెస్టు మ్యాచ్‌కు సంఘానికెన్ని సీట్లు ఇవ్వాలన్న దగ్గర. క్లబ్బు తరఫున విజయ్ మర్చంట్, సంఘం తరఫున రాజకీయ నాయకుడు ఎస్.కె. వాంఖడే. ఇద్దరూ తగ్గలేదు. చివరికి కిలోమీటరైనా దూరం లేని చోట, హడావుడిగా, ఇంకో స్టేడియం లేచింది. 1975 జనవరిలో వెస్టిండీస్‌తో టెస్టుకు అది సిద్ధమైంది. ఆ నాయకుడి పేరే దానికి పెట్టారు. నిక్షేపంలాంటి స్టేడియం పక్కనే ఇంకోటి కట్టుకున్నారంటే బొంబాయి క్రికెట్‌కు స్టేడియం కరువై కాదు, టికెట్ పుస్తకం చేతికి రావాలని. హైదరాబాద్‌లోనూ కథ మరీ వేరేమీ కాదు. లాల్‌బహదూర్ స్టేడియం ప్రభుత్వానిది కాబట్టి సంఘానికి సొంత గూడు కావలసివచ్చింది. ఇప్పుడు లాల్‌బహదూర్ స్టేడియం ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలకు బాగా పనికొస్తోంది, 2004లోనూ, 2023లోనూ.

బెంగళూరు ముచ్చట ఇంకా విచిత్రం. 2025 జూన్ 3న ఐపీఎల్ ఫైనల్ జరిగింది అహ్మదాబాద్‌లో, గెలిచింది బెంగళూరు జట్టు. మర్నాడు బెంగళూరులో విజయోత్సవం అన్నారు. చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ మ్యాచే లేదు. సరైన ఏర్పాట్లు లేకుండా లక్షల మందిని రప్పించిన ఘోరం అది. దానికి ప్రభుత్వం చూపిన పరిష్కారాల్లో ఒకటి, పైన చెప్పిన 80 వేల సీట్ల కొత్త స్టేడియం. లక్షల మంది వచ్చినప్పుడు 35 వేల సీట్లు చాలకపోతే 80 వేలు చాలుతాయా? గేటు దగ్గర జనాన్ని ఎలా నిలబెట్టాలో తెలియనివాళ్లకు పెద్ద గేటు ఇస్తే ఏమవుతుందో ఊహించడానికే భయంగా ఉంది. టికెట్లకు, తొక్కిసలాటకు ఉన్న బంధం కొత్తదీ కాదు. 1967 జనవరి 1న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో సీట్లకు మించి టికెట్లు అమ్మి జనాన్ని బౌండరీ దాకా కుక్కేశారు. లాఠీలు లేచాయి, స్టాండ్లు తగలబడ్డాయి, టెస్టు ఒక రోజు ఆగిపోయింది. ఈడెన్ ఆనాటికే మన పెద్ద మైదానాల్లో ఒకటి.

రెండో జవాబు కాస్త పొగరుగా వస్తుంది. "డబ్బు బోర్డుది. ప్రపంచంలోకెల్లా ధనిక బోర్డు. మీ జేబులోంచి పోతోందా?" పోతోంది. భూమి ఎవరిది? దాదాపు ప్రతి స్టేడియం కింద ఉన్నది ప్రభుత్వం లీజుకిచ్చిన నేలో, రైతుల దగ్గర సేకరించిన నేలో. అక్కడిదాకా వేసే రోడ్డు, కరెంటు లైను, మ్యాచ్ రోజు నిలబెట్టే వేల మంది పోలీసులు, ఇవన్నీ ఎవరి ఖాతాలో? నీళ్ల సంగతి సరేసరి. 2016లో మరాఠ్వాడా గుక్కెడు నీళ్లకు అల్లాడుతుంటే, ఏప్రిల్ తర్వాత మహారాష్ట్రలో ఐపీఎల్ మ్యాచ్‌లు ఆడొద్దని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఆ మ్యాచ్‌లలో కొన్ని ఎండాకాలం నడిమధ్యలో మన విశాఖకే వచ్చాయి. స్టేడియం బోర్డుదే కావచ్చు, బోరు మాత్రం ఊరిది.

అసలు వాదన మూడోది, అందరూ నిజాయితీగా నమ్మేదీ అదే: స్టేడియం వస్తే ఆటగాళ్లు పుడతారు. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి, ఎందుకంటే దీన్ని నమ్మేవాళ్లలో పిల్లలను అకాడమీలకు తీసుకెళ్లే తల్లిదండ్రులున్నారు.

మన దేశంలో తొలి టెస్టు 1933 డిసెంబర్‌లో బాంబే జింఖానా మైదానంలో జరిగింది. తాత్కాలికంగా కట్టిన స్టాండ్లలో కూర్చున్న జనం ముందు లాలా అమర్‌నాథ్ 118 కొట్టాడు. కెప్టెన్ మన తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు. అదే మైదానంలో 1926లో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టి, ఈ దేశానికి టెస్టు హోదా రావాలన్న మాటకు బలం ఇచ్చినవాడూ ఆయనే. అప్పటికి అక్కడ పక్కా స్టేడియమనేదే లేదు.

జింఖానాను ఆనుకునే ఆజాద్ మైదాన్. ఇరవైకి పైగా పిచ్‌లు పక్కపక్కనే ఉంటాయి. ఒక మ్యాచ్ మిడాన్ ఫీల్డర్ ఇంకో మ్యాచ్ పాయింట్ ఫీల్డర్‌కు వీపు తగిలిస్తూ నిలబడతాడు. పైనుంచి చూస్తే ఎవరు ఏ జట్టో తెలియదు. 1988లో హారిస్ షీల్డ్ సెమీఫైనల్లో సచిన్, కాంబ్లీ 664 పరుగుల భాగస్వామ్యం అక్కడే. పృథ్వీ షా 546 అక్కడే. పానీపూరీలమ్ముతూ యశస్వి జైస్వాల్ తలదాచుకున్న గ్రౌండ్స్‌మెన్ గుడారం అక్కడే. ఇక 1948 నుంచి నడుస్తున్న కంగా లీగ్ మరీ మొండిది. దాన్ని వానాకాలంలోనే ఆడతారు, కావాలనే. తడి పిచ్ మీద, మోకాళ్లెత్తు గడ్డిలో, బంతి ఎటు తిరుగుతుందో తెలియని చోట బ్యాట్స్‌మన్ రాటుదేలుతాడు. ముంబై 42 సార్లు రంజీ గెలిచిందంటే ఆ ఘనతలో వాంఖడే వాటా ఎంతో, ఈ మైదానాల వాటా ఎంతో లెక్కగట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓవల్ మైదాన్ పాడుబడి అసాంఘిక శక్తుల పాలవుతుంటే చుట్టుపక్కల నివాసులు కోర్టుకెక్కి దాన్ని బాగుచేయించుకున్నారు. మైదానం కోసం కోర్టుకెక్కిన ఊరది. మన ఊళ్లలో మైదానం పోతుంటే కోర్టుకెక్కేవాళ్లు ఎంతమంది?

మనవాళ్లనే చూద్దాం. మహ్మద్ సిరాజ్ ఆటో డ్రైవర్ కొడుకు. ఫస్ట్ లాన్సర్స్ ఈద్గా మైదానంలో టెన్నిస్ బంతితో పరుగులు తీయనివ్వకుండా పెరిగాడు. మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన నితీశ్ కుమార్ రెడ్డికి ఆట అంటుకున్నది విశాఖలో వాళ్ల నాన్న పనిచేసిన హిందుస్థాన్ జింక్ వారి మైదానంలో. ఆ తర్వాత చెక్కింది కడపలో ఆంధ్రా సంఘం నడిపిన అకాడమీ. ధోనీ పెరిగింది రాంచీ మెకాన్ కాలనీ మైదానంలో. అక్కడ జార్ఖండ్ సంఘం పెద్ద స్టేడియం 2013లో అంతర్జాతీయ మ్యాచ్ చూసేసరికి అతను ప్రపంచకప్ గెలిచి దాదాపు రెండేళ్లయింది. ఈ ముగ్గురి కథల్లోనూ నేలను ఇచ్చింది ఓ ఈద్గా, రెండు ప్రభుత్వ రంగ సంస్థలుగా మొదలైన కంపెనీలు. ఉద్యోగుల పిల్లల కోసం కాలనీలో ఓ మూల నాలుగెకరాలు వదిలిన ఆ పాత ఇంజినీర్లకు ఈ దేశపు క్రికెట్ ఎంత రుణపడిందో ఎవరూ రాయలేదు. ఆ కాలనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, నేల రియల్ ఎస్టేట్ అవుతోంది.

హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండుసార్లు: 1937-38లో ఒకటి, 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఒకటి. ఉప్పల్‌లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2005 నవంబర్‌లో. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో హైదరాబాద్ రంజీ ఛాంపియన్ కాలేదు సరికదా, ప్లేట్ గ్రూపులోకి జారి, 2023-24లో మేఘాలయను ఓడించి పైకి లేచింది. ఉప్పల్ కట్టడం వల్లే ఇలా అయిందని నేననను. సంఘం లోపలి కుమ్ములాటలు చాలు ఆ పనికి. కానీ స్టేడియం వస్తే ఆట పెరుగుతుందన్న సిద్ధాంతానికి మన కళ్లెదుటి ప్రయోగశాల అదే, ఫలితం అదే. ఇంకో సంగతి. ఆ ప్లేట్ సీజన్‌లోనే తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఉప్పల్‌లో కాదు. నెక్స్‌జెన్ అనే ప్రైవేటు మైదానంలో.

మరి పిల్లలు ఇప్పుడెక్కడ ఆడుతున్నారు? హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఎక్కడికెళ్లినా కనిపించేది బాక్స్ క్రికెట్. ప్లాటు ఖాళీగా ఉంటే చుట్టూ వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, లైట్లు పెట్టి, గంటకింతని అద్దె. అందులో తప్పేం లేదు, ఆఫీసు అయ్యాక సరదాగా ఆడుకోవడానికి బాగుంటుంది. కానీ అక్కడ అవుట్ స్వింగర్ వేయడం రాదు, లాంగాఫ్‌లో క్యాచ్ పట్టడం రాదు, రోజంతా ఎండలో నిలబడడం అసలే రాదు. పైగా చందా వేసుకోలేని పిల్లాడు వల బయట నిలబడి చూస్తాడు. ఒకప్పుడు మునిసిపల్ హైస్కూలు గ్రౌండ్‌లో వాడికీ ఓ చోటుండేది. ఇప్పుడు ఆ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్, లేకపోతే సభ, లేకపోతే పార్కింగ్.

కట్టినవి ఏమయ్యాయో కూడా అడగాలి. గ్వాలియర్ రూప్‌సింగ్ స్టేడియంలో 2010 ఫిబ్రవరి 24న సచిన్ పురుషుల వన్డేల్లో తొలి డబుల్ సెంచరీ కొట్టాడు. ఆ మైదానంలో చివరి అంతర్జాతీయ మ్యాచ్ కూడా అదే. 2024లో గ్వాలియర్‌కు మళ్లీ మ్యాచ్ వచ్చేసరికి ఊరి బయట కొత్త స్టేడియం లేచి ఉంది. నాగపూర్‌లో ఊరి మధ్య ఉన్న పాత మైదానాన్ని వదిలి వార్ధా రోడ్డు మీద జామ్‌ఠాకు పోయారు. నడిచి వెళ్లి టెస్టు చూసే అలవాటు అక్కడితో పోయింది. విజయవాడ మునిసిపల్ స్టేడియం చూసిన పురుషుల వన్డే ఒకే ఒక్కటి, 2002 నవంబర్‌లో. దాని మీద ఖర్చుపెట్టి ఉంటే ఊరి మధ్యలో బందరు రోడ్డు పక్కన మంచి మైదానం ఉండేది. ఇప్పుడు దాన్నలా వదిలేసి పాతిక కిలోమీటర్ల లోపే లక్ష సీట్ల మాట.

ఈ దారిలో మనకంటే ముందు నడిచి దెబ్బతిన్నవాళ్లు పక్కనే ఉన్నారు. 2011 ప్రపంచకప్ కోసం శ్రీలంక హంబన్‌తోటలో, అడవిని ఆనుకుని, 35 వేల సీట్ల స్టేడియం కట్టింది. అధ్యక్షుడి సొంత జిల్లా. ఆయన పేరే పెట్టారు. పల్లెకెలె, ప్రేమదాస స్టేడియాల పనులూ తోడయ్యాయి. ప్రపంచకప్ ముగిసేసరికి బోర్డు అప్పుల్లో మునిగి, ఫైనల్ ఆడిన ఆటగాళ్లకే నెలల తరబడి డబ్బు ఇవ్వలేకపోయింది. ఇంత జరిగాక కూడా 2020లో కొలంబో దగ్గర హోమాగమలో దేశంలోకెల్లా పెద్ద స్టేడియం కడతామన్నారు. అప్పుడు మహేల జయవర్ధనే నోరు తెరిచాడు: ఉన్న స్టేడియాల్లోనే సరిపడా ఆట లేదు, కొత్తది దేనికని. మాజీ ఆటగాళ్లు తోడయ్యారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి, బడి క్రికెట్ సదుపాయాల మీద ఖర్చుపెడదామంది. మన దగ్గర ఒక్క మాజీ కెప్టెన్ ఈ మాట బహిరంగంగా అనగా నేను వినలేదు. అనడానికి వాళ్లకేం అడ్డమో మీకూ తెలుసు. కామెంటరీ బాక్స్ కూడా స్టేడియంలోనే ఉంటుంది.

నన్ను నమ్మనివాళ్లు 2024 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ఏం జరిగిందో చూడాలి. అఫ్గానిస్థాన్, న్యూజిలాండ్ టెస్టు. మొదటి రెండు రోజులు ఎండ కాసింది. అయినా ఆట లేదు. రాత్రి పడ్డ వాన నేలలోకి ఇంకడం లేదు. ఎక్కడినుంచో తెచ్చిన టేబుల్ ఫ్యాన్లతో అవుట్‌ఫీల్డ్ ఆరబెట్టారు. ఒకచోట తడి గడ్డిని పెకలించి, ఇంకోచోటి గడ్డి తెచ్చి అతికించారు. చివరికి ఐదు రోజుల్లో ఒక్క బంతీ పడకుండా టెస్టు రద్దయింది. అదే నెలలో కాన్పూర్‌లో, 1952 నుంచి టెస్టులు ఆడుతున్న గ్రీన్‌పార్క్‌లో, వాన లేని రోజున కూడా తడి నేల వల్ల ఆట పోయింది. స్టాండ్లున్నాయి, కుర్చీలున్నాయి, పెవిలియన్ ఉంది. నేల లేదు. నేల కింద నీరు పోయే దారి, నేల మీద కప్పే కవర్లు, వాటిని పరుగున లాగే మనుషులు లేరు.

ఆ మనుషుల గురించి శ్రీలంకకు తెలుసు. అక్కడ చినుకు పడితే మైదానం మొత్తాన్ని కప్పేస్తారు. 2023 సెప్టెంబర్ 17న ప్రేమదాసలో సిరాజ్ 21 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీసి ఆసియాకప్ ఫైనల్‌ను గంటల్లో ముగించాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌గా వచ్చిన 5 వేల డాలర్లను అక్కడి గ్రౌండ్ సిబ్బందికి ఇచ్చేశాడు. టోర్నీ అంతా వానతో కుస్తీ పట్టింది వాళ్లే. ఈద్గా మైదానం నుంచి వచ్చినవాడికి నేలను చూసుకునేవాడి విలువ తెలిసినంతగా మన సంఘాల పెద్దలకు తెలిస్తే ఈ వ్యాసం అవసరమయ్యేది కాదు.

మంచి టర్ఫ్ వికెట్ తయారవడం గారడీ కాదు, అలాగని తేలికా కాదు. తగిన బంకమట్టి పొరలు పొరలుగా వేయాలి, తడపాలి, రోలర్ తిప్పాలి, ఆరనివ్వాలి, గడ్డి పెంచాలి, కత్తిరించాలి, మళ్లీ తిప్పాలి. మ్యాచ్ అయిపోయాక గుంతలు పూడ్చాలి. ఏడాది పొడుగునా ఒకరిద్దరు మనుషులు, ఒక బోరు, ఒక రోలర్, కవర్లు. ఇవి లేకనే జిల్లాల్లో పిల్లలు మ్యాటింగ్ మీద, సిమెంట్ మీద ఆడి, రాష్ట్ర జట్టు సెలెక్షన్‌కు వచ్చాక తొలిసారి టర్ఫ్ చూసి తికమకపడతారు. లక్ష సీట్ల స్టేడియానికి పెట్టే డబ్బులో చిన్న ముక్కతో ప్రతి నియోజకవర్గంలో రెండేసి టర్ఫ్ వికెట్లు వేసి, వాటిని చూసుకునే మనిషికి నెలనెలా జీతమివ్వొచ్చు. ఇవ్వరు. నెలనెలా జీతమిచ్చే పనికి శిలాఫలకం ఉండదు, రిబ్బన్ ఉండదు, టెండర్ కూడా పెద్దదుండదు.

స్టేడియాలే వద్దని నేననడం లేదు. విశాఖ మధురవాడ స్టేడియం 2025 మహిళల ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలతో భారత్ ఆడిన మ్యాచ్‌లకు ఆతిథ్యమిచ్చింది. మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లు అక్కడి స్టాండ్లకు పెట్టారు. సుమారు 27 వేల సీట్ల ఆ స్టేడియం ఏ తక్కువా లేకుండా ఆ పని చేసింది. ఆ జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది, కప్పు గెలిచి వచ్చింది. ఆ మ్యాచ్‌లు చూసి బ్యాట్ కొనమని నాన్నను పీడించిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లో ఉండే ఉంటారు. వాళ్లకు బాక్స్ క్రికెట్ అద్దెకు డబ్బులుండవు. గల్లీలో మగపిల్లలు చోటివ్వరు. ఊరిబయట ఖాళీ స్థలానికి సాయంత్రం ఇంట్లోవాళ్లు పంపరు. వాళ్లకు కావలసింది ఊరి మధ్య ఉన్న హైస్కూలు గ్రౌండ్‌లో రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా వాళ్లకే కేటాయించిన ఒక వికెట్టు, చుట్టూ ప్రహరీ, తలుపు పడే మరుగుదొడ్డి, నేర్పడానికి ఒక మనిషి. దీనికి శాసనసభలో ప్రకటన అక్కర్లేదు. మునిసిపల్ కమిషనర్ సంతకం, జిల్లా క్రికెట్ సంఘం చెక్కు చాలు. వచ్చే వేసవి సెలవుల్లోపే అయ్యే పని.